పొలం మాట ఫోను తెరపై

గోదావరిఖనిలో ఒక యువకుణ్ణి "మీది ఏ ఊరు?" అని అడిగితే, తాను ఉంటున్న కాలనీ పేరు కాక, తాత సేద్యం చేసిన పల్లె పేరు చెప్పడం మేము తరచూ వింటుంటాము. సింగరేణి బాయి పనికి వచ్చిన కుటుంబాలలో వ్యవసాయం నుండి వచ్చినవే అధికం. ఉపరితల గనులకు పొలాలు ఇచ్చినవారి భూములు నేడు మట్టిగుట్టల కింద ఉన్నాయి. కనుక ఈ తరానికి పొలం ఎక్కువగా కనిపించేది ఫోను తెరపైనే. పదవీ విరమణ సొమ్ముతో గేదెలో మేకలో కొనాలనుకునే కార్మికుడు కూడా మొదట చూసేది ఆ తెరనే. అక్కడ సేద్యం గురించి ఎవరు, ఏమి మాట్లాడుతున్నారన్నది మన ఇళ్లలోని సంపాదనకు సంబంధించిన విషయం.

పొరుగున ఉన్న జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే చిన్న ఊరు ఉంది. 2018లో, కదిలే కారులోంచి దిగి దాని పక్కన చిందులు వేసే 'కీకీ ఛాలెంజ్' అనే వెర్రి లోకమంతా పాకింది. ఆ ఊరి అనిల్, తిరుపతి అనే ఇద్దరు యువకులు కారును వదిలి, ఎడ్లతో దమ్ము చేస్తున్న బురద మడిలో దానిని చేసి చూపారు. 'మై విలేజ్ షో' నడిపే శ్రీరామ్ శ్రీకాంత్ చిత్రీకరించిన ఆ వీడియో దేశాలు దాటింది. చిందులు మాకు రుచించే విషయం కాదు. అయినా వరి మడి ఎలా ఉంటుందో ఎరుగని లక్షలాది మంది ఆ నాడు దానిని చూశారని ఒప్పుకోక తప్పదు.

అయితే నవ్వు చూపును తిప్పగలదు గాని లెక్క చెప్పలేదు. ఆ పని 'తెలుగు రైతుబడి' వంటి ఛానళ్లు చేస్తున్నాయి. దానిని నడిపే జూలకంటి రాజేందర్ రెడ్డి రైతు పొలానికే వెళ్లి పెట్టుబడి, కూలి, దిగుబడి, అమ్మిన ధర అడుగుతారు. జవాబు చెప్పేది రైతే. ఎకరానికి లక్షల లాభమని పెద్ద అక్షరాలతో ఊరించే వీడియోలతో పోల్చి చూడండి. వాటిలో చచ్చిన మేకల సంఖ్య గాని, ఎండిన బోరు గాని కనిపించవు. జీవితకాలం కూడబెట్టిన సొమ్ము పెట్టేవాడికి కావలసినది ఆ కనిపించని భాగమే.

మదీనా రైతులు ఖర్జూరపు చెట్లకు పరాగ సంపర్కం చేసే సంఘటన హదీసు విద్యార్థులకు సుపరిచితమే. ఆ పని మానినందున కాపు తగ్గినప్పుడు, లౌకిక వ్యవహారాలలో మీ అనుభవమే మీకు బాగా తెలుసునని దైవప్రవక్త (స) వారికే అప్పగించారు. ఆ అనుభవమున్నవాడే సేద్యం గురించి ముందుగా మాట్లాడాలని మా అభిప్రాయం.

ఈ మార్గం స్మార్ట్ ఫోనుతో మొదలైనది కాదు. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో 2008 నుండి దళిత మహిళా రైతులు తమ సంఘం రేడియో నడిపారు. విత్తనాలను, చిరుధాన్యాలను గురించి తమ యాసలోనే మాట్లాడారు. మన స్త్రీలు ఇది గమనించాలి. ఇంట్లో మేకల్ని సాకేది, పాలు పితికేది వారు. వీడియోలో మాట్లాడేది మాత్రం మగవారు!

ఇక మా రామగుండం సంగతి. ఇక్కడి ఎరువుల కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. అయినా 2025 వానాకాలంలో ఆ ఉత్పత్తి ఆగిన రోజులున్నాయి. రాష్ట్రమంతటా సొసైటీల ముందు రైతులు చెప్పులను, పాసుపుస్తకాలను వరుసలో పెట్టి నిలబడ్డారు. ఆ దృశ్యాలను లోకానికి చూపినవి రైతుల చేతిలోని ఫోన్లే. ఇటువంటి వేళ పాత వీడియోలు కొత్తవిగా తిరగడం కూడా సహజం. ఒక్క అబద్ధపు దృశ్యం దొరికితే చాలు, అధికారి పది నిజాలను తోసిపుచ్చవచ్చు. కనుక తీసేవారు ఊరి పేరు, తేదీ నోటితో చెప్పాలి. కల్లం దగ్గర ధాన్యం తూకంలో తరుగు తీస్తే, బస్తా బరువును, తూకం చీటీని ఒకే దృశ్యంలో చూపాలి.

యాసంగి వరి కోతలు మొదలైతే మా చుట్టుపక్కల పల్లెల కొనుగోలు కేంద్రాలకు ధాన్యం వస్తుంది. అకాల వానలు పడేదీ అప్పుడే. మొదటి షిఫ్టు ముగించుకొని ఊరికి వెళ్లే కొడుకు చేతిలో ఫోను ఉంటుంది, తండ్రి దగ్గర తూకం చీటీ ఉంటుంది.