పని దగ్గర చెప్పుకునే కథలు

అడ్మిషన్ ఫారంలో 'తండ్రి వృత్తి' అన్న చోట మనలో చాలామందిమి 'కూలి' అని రాసి, గబగబా కింది గడికి వెళ్లిపోయినవాళ్లమే. నేనూ అంతే. ఎం.ఏ. సోషియాలజీలో ఒక పుస్తకం గురించి చదివాక ఆ గడి మళ్లీ గుర్తొచ్చింది.

రాసింది జూలియన్ ఓర్ అనే అమెరికన్ పరిశోధకుడు. పేరు 'టాకింగ్ అబౌట్ మెషీన్స్', 1996లో వచ్చింది. మనం నోట్సు తీయించుకునే జిరాక్స్ మిషన్లు ఉన్నాయి కదా, వాటిని బాగుచేసే మెకానిక్‌ల వెంట తిరిగి రాశాడు. ఏం చెడితే ఏం చేయాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. కానీ మిషన్ మాన్యువల్ చదివి చెడిపోదు గదా! ఒకసారి మిషన్ చూపిన కోడ్ ఒకటి, అసలు జబ్బు మరొకటి. ఇద్దరు మెకానిక్‌లు దాని ముందే ఉండి, 'ఫలానా చోట ఇలాగే అయింది' అంటూ గంటల తరబడి పాత అనుభవాలు చెప్పుకుంటూ పోయి, చివరికి తప్పు పట్టుకున్నారు. భోజనాల దగ్గర కూడా వాళ్లవి ఇవే కబుర్లు. చూసేవాళ్లకు అది కాలక్షేపం. ఓర్ చెప్పేదేమంటే, ఒకరికి తెలిసింది పదిమందికి చేరేది ఆ కథల్లోనే. 'నేను పనిమంతుణ్ణి' అని ఒక మనిషి సాటివాళ్ల ముందు నిలబడేదీ వాటితోనే. కస్టమరుకు మిషన్ నడిస్తే చాలు. ఎలా బాగైందో విని మెచ్చుకోగలిగేది ఇంకో మెకానిక్కే.

మా నాయన బోరు మోటార్లు దించి ఎక్కించే కూలి. చదువు రాదు. ఆయనకూ ఒక కథ ఉంది. ఒక పొలంలో మోటారు మూలుగుతోంది గాని తిరగడం లేదు. వైండింగ్ కాలింది, పైకి లాగాలని అందరూ అంటున్నారు. నాయన ఆ చప్పుడు విని, 'ముందు స్విచ్ ఆపండి. ఒక ఫేజు రావట్లేదు, ఫ్యూజు చూడండి' అన్నాడట. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు అలాగే మూలుగుతుంది. ఆపకపోతే అప్పుడు నిజంగానే వైండింగ్ కాలుతుంది. ఫ్యూజు వేశారు, నీళ్లొచ్చాయి. మోటారు లాగలేదు కాబట్టి ఆ రోజు కూలి మాత్రం రాలేదు!

టీ కొట్టు దగ్గర ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. చెప్పిన ప్రతిసారీ రైతు మెచ్చుకోలు కాస్త పెరిగేది, అది వేరే సంగతి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా విసుక్కునేవాణ్ణి. ఆయన ఎవరికి చెప్పేవాడో అప్పట్లో గమనించలేదు. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు. వాళ్లు నవ్వుతూనే ఏ మూలుగు దేనిదో నేర్చుకునేవాళ్లు.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు నేనే అడిగాను, 'ఆ మోటారు కథ చెప్పు నాయనా' అని. ఆయన నన్ను అనుమానంగా చూసి, 'ఏది, ఫ్యూజుదా, తాడు తెగిందా?' అన్నాడు. తాడు తెగిన కథ నేనెప్పుడూ వినలేదు.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (సోషియాలజీ)