కీబోర్డు లేదు, ఎఫ్-1 నొక్కండి!

కంప్యూటరు తెరమీద కనిపించే మాటలలో ఇంతకన్న వింతమాట మరొకటి వుండదు. స్విచ్చి వేయగానే పెట్టె గుయ్యిమంటుంది, తెర వెలుగుతుంది, నల్లని తెరమీద రెండు తెల్లని ఇంగ్లీషు పంక్తులు వచ్చి నిలిచిపోతవి. “కీబోర్డ్ ఎర్రర్ ఆర్ నో కీబోర్డ్ ప్రెజెంట్” అని మొదటిది. కీబోర్డులో దోషమైనా వున్నది, లేదా కీబోర్డే లేదు అని దాని అర్థం. ముందుకు పోవడానికి ఎఫ్-1 మీట నొక్కండి అని రెండవది. లేని కీబోర్డుమీద మీట నొక్కడమెట్లా? ఈ మాటకు నవ్వుకోని గుమాస్తా లేడు. నవ్వుకొనేవారి సంగతి సరే, కంగారుపడి పెట్టెను ఆటోలో వేసికొని అంగడికి పరుగెత్తే పెద్దలు మన కుటుంబాలలో చాలామంది వున్నారు. వారికోసమే ఈ నాలుగు మాటలు. నేను ఇంజనీరును కాను. మెట్రిక్ చదివి, ఇరవై యేళ్లకు పైగా ఈ మీటలమీద వ్రేళ్లు అరగదీసికొంటున్నవాణ్ణి.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. ఆ పంక్తులు తెరమీద పడ్డవంటే లోపలి యంత్రం చాలామట్టుకు బాగానే వున్నదన్నమాట. స్విచ్చి వేసిన క్షణంలో, విండోసు రాకముందే, బోర్డుమీది చిన్న చిప్పులో వున్న బయోస్ అనే ప్రోగ్రాము మేలుకొని ఇల్లంతా ఒకసారి కలియజూస్తుంది. ప్రాసెసరు పలుకుతున్నదా, మెమరీ వున్నదా, తెర వున్నదా, కీబోర్డు వున్నదా అని విచారిస్తుంది. ప్రాసెసరో మెమరీయో చెడితే ఆ మాట వ్రాయడానికే దానికి దిక్కుండదు. తెర నల్లగా వుండిపోతుంది, లేదా పెట్టె కీచుమని కూస్తుంది. కీబోర్డు చెడిందని తీరికగా ఇంగ్లీషులో వ్రాసి చెప్పగలుగుతున్నదంటే తక్కిన అంగాలు పనిచేస్తున్నట్లే గదా! 1981లో ఐ.బి.యం. వారు తమ మొదటి పర్సనల్ కంప్యూటరును తెచ్చిననాటినుంచీ ఈ పరీక్ష వున్నది. అప్పట్లో మాటలు లేవు, 301 అని అంకె వేసి ఊరుకొనేది. మీట ఏదైనా అతుక్కుపోయివుంటే ఆ మీట సంఖ్యకూడా ముందు వేసేది. ఈనాటి యంత్రాలలో చాలావాటికి అంతపాటి మర్యాద కూడా లేదు.

ఈ సంగతి తెలియకపోతే ఎంత నష్టం జరగబోయిందో చెబుతాను. మా బంధువులలో ఒక పెద్దాయన రిటైరై జయనగరంలో వున్నారు. భార్య పోయి మూడేళ్లయింది. ఆవిడ పాడిన మంగళహారతులు, మనవళ్ల అక్షరాభ్యాసం ఫోటోలు, అన్నీ ఆయన పాత కంప్యూటరులోనే వున్నవి. వేరే చోట ప్రతి లేదు. ఒకనాడు పెట్టె పైన చెప్పిన పంక్తులు చూపి ఆగిపోయింది. ఆయన దానిని దగ్గరలోని ఒక అంగడికి పంపితే, అక్కడి కుర్రవాడు “బోర్డ్ హోగిదె సార్, ఫార్మాట్ మాడ్బేకు” అన్నాడట. ఆయన నాకు ఫోను చేసి, “ఏమయ్యా, నువ్వు ఆఫీసులో వీటితోనే గదా వుంటావు, సరేననమంటావా?” అని అడిగారు. “బాబాయిగారూ, ఏమీ ఒప్పుకోకండి, ముందు పెట్టెను ఇంటికి తెప్పించండి” అన్నాను. ఫార్మాటు చేయడమంటే డిస్కుమీద వున్నదంతా తుడిచివేయడం. కీబోర్డు తప్పుకు డిస్కును తుడవడమేమిటి? గుమ్మం బిరుసెక్కితే బీరువా ఖాళీ చేయించినట్లుంటుంది.

ఆదివారం వెళ్లి వేరొక కీబోర్డు తగిలించాను. పెట్టె ఒక్క మాటైనా అనక తిన్నగా లేచి కూర్చున్నది. పాత కీబోర్డును బోర్లించి తట్టితే, కుడివైపు అంకెలమీటల దగ్గరనుంచి ఒక వక్కపలుకు రాలింది. బాబాయిగారికి భోజనానంతరం తాంబూలం అలవాటు. ఆయన వక్కపలుకు చూడనే లేదు. హారతి పాట వున్నదో లేదో చూడమన్నారు. వున్నది. మర్నాడే దానినీ ఫోటోలనూ వేరొక డిస్కుమీదికి ఎక్కించాము.

ఒక్క వక్కపలుకు ఇంత యంత్రాన్ని ఆపడమేమిటని మీరు అడగవచ్చు. టైపురైటింగు ఇన్‌స్టిట్యూటులకు వెళ్లినవారికి గుర్తుండే వుంటుంది. అక్కడ ఒక మీట ఇరుక్కుంటే వ్రేలితో లేవనెత్తి పని సాగించేవాళ్లం. కంప్యూటరు కీబోర్డు తీరు అది కాదు. దానిలో అక్షరం లేదు, మీటకొక సంఖ్య మాత్రం వున్నది. కీబోర్డులోనే ఒక చిన్న చిప్పు కూర్చుని, మీటల అడ్డువరుసలనూ నిలువువరుసలనూ నిమిషమైనా విశ్రాంతి లేకుండా తడుముతూ వుంటుంది. మీట దిగితే ఒక సంకేతం, లేచితే మరొక సంకేతం పంపుతుంది. కరెంటు అందగానే ముందు తన్ను తాను పరీక్షించుకొని, ‘నేను క్షేమం’ అని పెట్టెకు కబురు చేస్తుంది. మూలనున్న మూడు దీపాలు ఒక్కసారి తళుక్కుమనడం ఆ సమయంలోనే. ఆ కబురు రాకపోయినా, ఏ మీటో దిగినది దిగినట్లే వున్నా, బయోసుకు అనుమానం వస్తుంది. మొదటి క్షణాలలో మీట నొక్కడమంటే యంత్రానికి ఆజ్ఞ ఇవ్వడం. ఎవరు ఏ ఆజ్ఞ ఇస్తున్నారో తేలకుండా ముందుకు పోవడమెందుకని కొన్ని యంత్రాలు ఆగిపోతవి.

మన బెంగుళూరులో ఈ జబ్బుకు ఒక ఋతువు వున్నది. అది ఆయుధపూజ మరునాడు! కంప్యూటరుకు కూడా విభూతిరేఖలు, కుంకుమ, సేవంతిపూలు పెట్టే ఊరు మనది. అది చూడముచ్చటైన ఆచారమే. ఐతే మా ఆఫీసులో ఒక యేడు పండుగ వెళ్లాక రెండు యంత్రాలు లేవలేదు. ఒకదాని కీబోర్డుమీద పూజపళ్లెం వున్నది వున్నట్లే వున్నది. దాని బరువుకు అరడజను మీటలు దిగివున్నవి. పళ్లెం తీయగానే అది బాగుపడింది. రెండవదానిలో కుంకుమ మీటలక్రిందికి దిగింది. బ్రష్షుతో దులిపితే సరిపోయింది. బొట్టు తెరచుట్టుమీద పెట్టండి, కీబోర్డుకు నమస్కారం చాలును.

మీటలలో ఏమీ లేకపోతే తీగ చూడాలి. పాత పెట్టెలకు వెనుక గుండ్రని ప్లగ్గులు రెండుంటవి, ఐ.బి.యం. వారు 1987లో పి.ఎస్-2 యంత్రాలతో తెచ్చిన తరహా అది. ఊదారంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌసుకు. ఆకారం ఒక్కటే కనుక తారుమారు కావడం సులభం, సన్నని పిన్నులు వంగడం మరీ సులభం. ఈ ప్లగ్గును యంత్రం ఆర్పకుండా ఊడదీయరాదు. ఆర్పకుండా మళ్లీ తగిలించినా యంత్రం గుర్తించకపోవచ్చు. యు.యస్.బి. ప్లగ్గైతే ముందువైపు రంధ్రంనుంచి తీసి, వెనుక బోర్డుకే వున్న రంధ్రంలో పెట్టి చూడండి. తీగలేని కీబోర్డైతే బ్యాటరీ సెల్లు మార్చండి. అందులో బ్లూటూతు రకం కొన్ని విండోసు వచ్చేదాకా పలకనే పలకవు. కనుక ఇంట్లో తీగ వున్న మామూలు కీబోర్డు ఒకటి అటకమీదనైనా వుంచుకోవడం మంచిది. ఎస్.పి. రోడ్డులో కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది.

ఎఫ్-1 మాట చూచి అన్నిటికీ కీబోర్డునే తిట్టకండి. ఆ తోక చాలా దోషాలకు వస్తుంది. లోపల బిళ్లవంటి బ్యాటరీ ఒకటి వున్నది, సి.ఆర్. 2032 అంటారు, 3 వోల్టులది. అది అయిపోయినా, ఫ్యాను తిరగకపోయినా ఎఫ్-1 నొక్కమనే యంత్రాలున్నవి. కాబట్టి పై పంక్తి చదవాలి. ఇంగ్లీషు రానివారు ఫోనుతో తెరను ఫోటో తీసి, అంగడిలో ఆ ఫోటోనే చూపండి. “లేవడం లేదు” అని మాత్రం చెబితే మంచి పనివాడుకూడా ఊహించవలసిందే గదా.

బయోసులో కీబోర్డు లేకున్నా సాగిపొమ్మనే అమరికకూడా కొన్ని పెట్టెలకు వున్నది. మన వూళ్ల పెద్ద కంపెనీలలో సర్వర్లనే యంత్రాలు కీబోర్డు మొగమే చూడకుండా యేళ్లతరబడి నడుస్తున్నవి.

ల్యాప్‌టాపులో కీబోర్డు ఒళ్లోనే వుంటుంది, కనుక మార్చడం కష్టం. దానిమీద కాఫీ ఒలికితే వెంటనే ఛార్జరు లాగి, యంత్రం ఆర్పి, బోర్లించండి. పాలూ చక్కెరా ఎండితే మీటలు జిగురు పట్టినట్లవుతవి. కొన్ని మీటలే చచ్చి, పాస్‌వర్డు కొట్టలేక విండోసు గుమ్మంలో నిలబడిపోతే, తెర క్రింద కుడిమూల మనిషి బొమ్మవంటి గుర్తు వున్నది చూడండి. దానిని నొక్కి, ఆన్-స్క్రీన్ కీబోర్డు అన్న పంక్తిని ఎంచుకొంటే తెరమీదనే మీటలు వస్తవి. మౌసుతో ఒక్కొక్క అక్షరం నొక్కి లోపలికి పోవచ్చును. లోపలికి పోగానే, రిపేరుకు ఇచ్చేముందే, కావలసిన వాటికి ఒక ప్రతి తీసి పెట్టుకోండి.