సముద్రపు ఉప్పు - మసీదు పునాది

మొరాకో దేశమందలి కాసాబ్లాంకా నగరములో, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున రెండవ హసన్ మసీదు కలదు. దీనికి రూపకల్పన చేసినవాడు ఫ్రెంచి వాస్తుశిల్పి మిషెల్ పాంసో. నిర్మాణము 1986లో మొదలై 1993లో ముగిసినది. మీనారు ఎత్తు సుమారు 200 మీటర్లు. ప్రార్థనశాలలో 25,000 మంది ఒకేసారి నమాజు చేయవచ్చును. దాని పైకప్పులో నడిమి భాగము సుమారు 1,100 టన్నుల బరువున్నను, మోటార్ల సాయమున ప్రక్కలకు జరిగి ఆకాశము కనబడును. చూడవచ్చినవారెల్ల మెచ్చుకొనునది ఈ కప్పునే. కాని ఇంజనీర్లను పరీక్షించినది కప్పు కాదు, పునాది.

మసీదులో కొంత భాగము సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. అలలు రేయింబవళ్ళు అడుగున నున్న కాంక్రీటును కొట్టుచుండును. పుష్కరకాలము తిరుగకముందే కాంక్రీటు బీటలు వారి, లోపలి ఉక్కు కమ్మీలు తుప్పు పట్టినట్లు తేలినది.

సిమెంటులో దాగిన ఉక్కుకు తుప్పేల పట్టవలెను? నిజమునకు కాంక్రీటు ఉక్కుకు మంచి రక్షణయే. సిమెంటు గట్టిపడునప్పుడు పుట్టు సున్నము వలన దానికి తీవ్రమైన క్షారగుణము కలుగును. ఆ క్షారములో ఉక్కుపై కంటికి కనబడని పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, తుప్పును ఆపును. కాంక్రీటులోని సన్నని రంధ్రముల గుండా ఉప్పునీటిలోని క్లోరైడు అయానులు చొరబడి కమ్మీని చేరినచో, ఆ పొర అక్కడక్కడ చిల్లులు పడును. అంతట కమ్మీయే చిన్న విద్యుద్ఘటముగా మారును: చిల్లిపడిన చోట ఇనుము కరగును, మిగిలిన చోట నీరు, ఆక్సిజను కలిసి ఎలక్ట్రానులను గ్రహించును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నోరెట్లు చోటు ఆక్రమించును. నొక్కుడుకు నిలుచు కాంక్రీటు లాగుడుకు నిలువలేదు గనుక లోపలినుండి పగులును; ఆ పగుళ్ళగుండా మరింత ఉప్పునీరు దిగును.

ఎల్లప్పుడు నీట మునిగియుండు భాగమునకు ఆక్సిజను అంతగా అందదు గనుక అక్కడ తుప్పు మెల్లగా సాగును. తడిసి, ఆరి, మరల తడియు భాగమునకే ముప్పు ఎక్కువ. విశాఖ తీరమున ఇండ్లు కట్టుకొన్నవారు ఎరిగిన బాధయే ఇది!

2005లో మరమ్మతు ప్రారంభమైనది. చెడిన కాంక్రీటును తొలగించి, నీటిని సులభముగా పీల్చని దిట్టమైన కాంక్రీటు పోసిరి. అందులో మాలిబ్డినము కలిపిన స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మీలు వాడిరి. ఈ ఉక్కులోని క్రోమియము వలన ఏర్పడు పొర చెదరినను తిరిగి తానే కట్టుకొనును. క్లోరైడు చేయు చిల్లులను మాలిబ్డినము అరికట్టును.

బడిలో దీనిని పరీక్షించుట కష్టము కాదు. రెండు గాజు గ్లాసులలో తేట సున్నపునీరు పోసి, ఒకదానిలో మాత్రము రెండు చెంచాల ఉప్పు కరిగించి, రెంటిలోను గీకి శుభ్రపరచిన ఇనుప మేకులు వేసి మూత పెట్టవలెను. కొన్ని దినములకు ఉప్పు వేసిన గ్లాసులోని మేకుపై గోధుమరంగు మచ్చలు కనబడును.