ముక్కుకు దొరకని దొంగ

2024 అక్టోబరులో బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో ఆహార భద్రతా అధికారులు సుమారు 700 కిలోల కుళ్లిన కోడిమాంసం పట్టుకున్నారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మేడిపల్లి చికెన్ కొట్ల ముందు ముక్క వాసన చూసి కొనేవాళ్లు పెరుగుతారు. వాసన లేకపోతే మాంసం మంచిదేనా? ఈ ప్రశ్న నన్ను ఊరికే వదల్లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా: 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 38వ సెక్షన్ కింద అధికారి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, నమూనా తీయవచ్చు. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది నాచారంలోనే. ఇక అసలు కథ మాంసం మీద నడుస్తుంది.

కోసిన కోడి మీద బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. అందులో సూడోమోనాస్‌కు ఫ్రిజ్ చలి లెక్కలేదు. అది మొదట తినేది గ్లూకోజు. ఆ దశలో పెద్దగా వాసన రాదు. చదరపు సెంటీమీటరుకు కోటి దాకా పెరిగేసరికి పైపొరలో గ్లూకోజు నిండుకుంటుంది. అప్పుడు, గాదె ఖాళీ అయిన రైతు విత్తనాలకు చెయ్యి పెట్టినట్టు, అమైనో ఆమ్లాల మీద పడుతుంది. వాటిలోని నత్రజని అమోనియాగా, గంధకం సల్ఫైడ్లుగా బయటపడతాయి. కుళ్లు కంపు అదే. పది కోట్లకు చేరితే జిగురు. కంపు కొట్టిందంటే చెడడం అప్పుడే మొదలైందని కాదు, చాలావరకు పూర్తయిందని.

ఈ కంపు శాస్త్రవేత్తలనూ తప్పుదారి పట్టించింది. కుళ్లులో పుట్టే కొన్ని నత్రజని పదార్థాలకు ఇటలీలో సెల్మి టోమెయిన్లని పేరుపెట్టాడు. 1885 ప్రాంతంలో జర్మనీలో బ్రీగర్ వాటిలో పుట్రెసిన్, కడావెరిన్‌లను వేరుచేశాడు. ఇంకేముంది, తిండి వికటించిందంటే చాలు, వైద్యులు టోమెయిన్ విషమని రాసేశారు. 1888లోనే గార్ట్‌నర్, జబ్బు చేసిన ఆవు మాంసంలోనూ అది తిని చనిపోయిన మనిషిలోనూ ఒకే బ్యాక్టీరియాను పట్టి చూపాడు. ఇవాళ దాన్ని సాల్మొనెల్లా అంటున్నాం. అయినా టోమెయిన్ మాట దశాబ్దాలపాటు చావలేదు.

కంపు పుట్టించేది ఒకటి, వాంతులు చేయించేది మరొకటి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా మనల్ని మంచాన పడేసేంత ఉన్నా ముక్కుకు తెలియదు. కాబట్టి మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు: కాదు. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపర్లతో ఈ బ్యాక్టీరియా పక్క గిన్నెలకు పాకుతుంది, దాన్ని చంపేది ఉడకబెట్టడమే.

దాడులు మంచివే. కానీ కంపు కొట్టాక పట్టుకోవడానికి ముక్కు చాలు. ప్రయోగశాల కావలసింది కంపు కొట్టని మాంసానికి. నమూనాలు అలాంటి మాంసం నుంచి తీస్తేనే ఫలితం.