క్లౌడ్ సేవల లైబ్రరీలు – తెలుగు క్షేత్రసేకరణ: చెన్నూరు ఉదాహరణగా ఒక పరిశీలన

కీలక పదాలు: క్లౌడ్ నిల్వ, ఓపెన్ సోర్స్ లైబ్రరీ, పైథాన్, యూనికోడ్, క్షేత్రసేకరణ

ఉపోద్ఘాతం

ఒక పరిశోధకుడు మంచిర్యాల జిల్లా చెన్నూరు పరిసరాల్లో, గోదావరి తీర గ్రామాల పాటలను రికార్డు చేశాడనుకుందాం. సేకరణంతా ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే, అది పాడైననాడు ఏళ్ల శ్రమ పోతుంది. అందువల్ల క్లౌడ్ నిల్వ అవసరమవుతుంది. పది దస్త్రాలకు బ్రౌజరు చాలు. వేల దస్త్రాలకు ప్రోగ్రాము రాయక తప్పదు. ఆ ప్రోగ్రాముకూ దూరాన ఉన్న సర్వరుకూ మధ్య దుబాసీ వంటిది లైబ్రరీ.

లైబ్రరీ పని

అమెజాన్ సంస్థ ఎస్3 అనే నిల్వ సేవను 2006 మార్చిలో ప్రారంభించింది. దానిని పైథాన్ నుంచి వాడుకోవడానికి మిచ్ గార్నాట్ రూపొందించిన లైబ్రరీ బోటో. అమెజాన్ నదిలోని డాల్ఫిన్ పేరే దానికి పెట్టారు. నేటి రూపమైన బోటో3 అపాచీ 2.0 లైసెన్సు కింద లభిస్తుంది. దాని మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. ప్రతి అభ్యర్థనపై రహస్య తాళంతో సంతకం చేయడం, విఫలమైతే తిరిగి ప్రయత్నించడం దీని పనులు. 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతం కూడా ఆ సంస్థ సేవల్లో చేరింది. ఖాతాలో దానిని ముందుగా అనుమతించుకుంటే చెన్నూరు పాటను హైదరాబాదులోనే భద్రపరచవచ్చు.

తెలుగు పేరుతో చిక్కులు

‘చెన్నూరు’ కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో మాత్రం ఎనిమిది సంకేతాలు: చకారం, ఎత్వం, నకారం, పొల్లు, మళ్లీ నకారం, కొమ్ము దీర్ఘం, రకారం, కొమ్ము. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు. ఎస్3లో దస్త్రం పేరుకు గరిష్ఠ పరిమితి 1024 బైట్లు. అంటే పూర్తిగా తెలుగులో రాస్తే 341 సంకేతాలు. ఇది పెద్ద ఇబ్బంది కాదు.

అసలు ఇబ్బంది దస్త్రానికి జతచేసే వివరాలలో ఉంది. గాయకుని పేరు, పాట ప్రక్రియ, ఊరు వంటివాటిని మెటాడేటాగా తెలుగులో ఇవ్వబోతే బోటో3 తిరస్కరిస్తుంది. ఆస్కీ అక్షరాలనే అంగీకరిస్తుంది. ‘ఒగ్గుకథ’ అని రాయదలచినవారు రోమన్ లిపిలోకి మారాలి, లేదా సంకేతీకరించాలి. రోమనీకరణలో దీర్ఘాలు, ళకార లకార భేదాలు చెరిగిపోయే ప్రమాదం భాషాపరిశోధనలో చిన్నది కాదు. మూలసంకేతం బహిరంగం కాబట్టి ఈ తనిఖీ ఎక్కడ జరుగుతుందో చూడగలం. కానీ తనిఖీని తొలగించినంత మాత్రాన సేవ స్వభావం మారదు. లైబ్రరీ స్వేచ్ఛావస్తువే, దాని వెనుక సేవ కాదు. ఈ రెంటినీ ఒకటిగా భావించడం తరచు జరిగే పొరపాటు.

మరొకటి కంటికి కనబడని చిక్కు. ‘కరీంనగర్‌లో’ అనే మాటలో పొల్లు నిలవడానికి శూన్యవెడల్పు సంకేతాన్ని వాడతాం. అది ఉన్న పేరు, లేని పేరు ఎస్3 దృష్టిలో వేర్వేరు దస్త్రాలు. లైబ్రరీ వీటిని సమీకరించదు. ఆ బాధ్యత ప్రోగ్రాము రాసేవారిదే.

కనుక వివరాలను ప్రతి రికార్డింగు పక్కన యూటీఎఫ్-8 పాఠ్యదస్త్రంగా ఉంచడం మేలు. దస్త్రంలోని పాఠం మెటాడేటా కాదు కాబట్టి దానికి ఆస్కీ నిబంధన వర్తించదు. అందులో జిల్లా పేరును సేకరణ తేదీతో సహా నమోదు చేయాలి: 2016 అక్టోబరు 11కు ముందు చెన్నూరు ఆదిలాబాదు జిల్లాలోది, ఆ తరువాత మంచిర్యాల జిల్లాలోది. కడప జిల్లాలోనూ ఒక చెన్నూరు ఉంది.