ఖరీదైన ఇంటికి బీమా: వెబ్‌సైట్ అడగాల్సిన ప్రశ్నలు

కోట్ల విలువైన ఇళ్లకు బీమా అమ్మే కంపెనీకి వెబ్‌సైట్ తయారుచేయమంటే డిజైనర్ ముందుగా వెతికేది ఫోటోలే. నీలి ఈతకొలను, నిలువెత్తు గాజుగోడ, ఎప్పుడూ ఎవరూ కూర్చున్నట్టు కనపడని తెల్ల సోఫా. తప్పేమీ లేదు. కాకపోతే ఆ పేజీ తెరిచే మనిషికి అలాంటి ఇల్లు ఇప్పటికే ఉంది. ఆయనకు లేనిది సమాచారం: ఇంటిని ఎంతకు బీమా చేయించాలి, ఏ నష్టానికి డబ్బు రాదు, తాను ఇచ్చే వివరాలు ఎవరి కంట పడతాయి. మంచి సైట్‌కూ మెరిసే సైట్‌కూ తేడా తేలేది ఈ మూడింటి దగ్గరే.

మొదటిది అంకె. ‘మీ ఇంటి విలువ ఎంత?’ అని ఫారం అడిగితే మనవాళ్లు మార్కెట్ ధర చెబుతారు. హైదరాబాద్‌లో అయితే కాస్త గర్వంగానే చెబుతారు. ఆ ధరలో ఎక్కువ భాగం నేలదే. కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్ల రూపాయలకు పోయింది. ఆ నేల కాలిపోదు, వరదకు కొట్టుకుపోదు, కాబట్టి బీమా కంపెనీకి దానితో పని లేదు. బీమా చేసేది కట్టడానికి; లెక్కలోకి వచ్చేది దాన్ని మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు.

ఒక విల్లా మార్కెట్ ధర 12 కోట్లు అనుకుందాం. విస్తీర్ణం 6,000 చదరపు అడుగులు, మళ్లీ కట్టాలంటే అడుగుకు 4,000 రూపాయలు అనుకుంటే ఖర్చు 2 కోట్ల 40 లక్షలు. యజమాని 12 కోట్లకు బీమా చేయిస్తే ప్రీమియం 12 కోట్ల మీద కడతాడు. ఇల్లు మొత్తం పోయినా వచ్చేది కట్టడం ఖర్చే. ఉదారంగా విరాళం ఇచ్చినట్టు లెక్క, రసీదుకు పన్ను మినహాయింపు కూడా ఉండదు. తగ్గించి రాస్తే ఇంకో చిక్కు. యావరేజ్ క్లాజ్ ఉన్న పాలసీలో అసలు ఖర్చులో సగానికే బీమా చేయిస్తే, జరిగిన నష్టంలోనూ సగమే చేతికొస్తుంది. వంటగది ఒక్కటే కాలినా సరే.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక గృహ బీమా ‘భారత్ గృహ రక్ష’ ఈ కోతను తీసేసింది. తక్కువకు బీమా చేయించినా, ఆ మొత్తం వరకు నష్టం పూర్తిగా ఇస్తారు. బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున తనంతట తానే పెరుగుతుంది కూడా. దాని లెక్క కార్పెట్ ఏరియాను చదరపు మీటర్లలో తీసుకుని, నిర్మాణ ఖర్చు రేటుతో హెచ్చవేయడం. చిక్కేమిటంటే మనం స్థలాన్ని గజాల్లో, ఇంటిని చదరపు అడుగుల్లో మాట్లాడుకుంటాం. అపార్ట్‌మెంట్ బ్రోచర్‌లోని సూపర్ బిల్టప్ అడుగుల్లో లిఫ్టు, లాబీలలో మన వాటా కూడా కలిసి ఉంటుంది. అందుకని ఫారం అడుగుల్లోనే అడగాలి, కార్పెట్ ఏరియా ఏ కాగితంలో దొరుకుతుందో పక్కనే చెప్పాలి, మీటర్లలోకి మార్చడం తానే చూసుకోవాలి. ఇటాలియన్ పాలరాయి, టేకు పని, హోమ్ థియేటర్ ఉన్న ఇంటికి మామూలు రేటు సరిపోదు కాబట్టి వాటిని విడిగా అడగాలి. అమెరికాలో సంపన్నుల ఇళ్లకు బీమా చేసే చబ్, ప్యూర్ వంటి సంస్థలు ఈ అంకె కోసం ఇంటికి మనిషినే పంపిస్తాయి. ఇక్కడి సైట్ కూడా ఒక మొత్తం దాటాక ధర చూపడం మాని ‘మా మనిషి వచ్చి చూస్తారు’ అంటే, అది చేతకానితనంలా కాక శ్రద్ధలా కనిపిస్తుంది.

రెండోది, దేనికి డబ్బు రాదనేది. ఇంటి బీమా అనగానే అందరికీ దొంగలు గుర్తొస్తారు. భారత్ గృహ రక్ష మూల పాలసీలో దొంగతనానికి రక్షణ ఉంది గానీ ఒక షరతుతో: అగ్నిప్రమాదం, వరద లాంటి బీమా ఉన్న ఘటన జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనమై ఉండాలి. మామూలు రాత్రి మామూలుగా వచ్చే దొంగ ఇందులోకి రాడు. అతనికి వేరే బర్గ్లరీ కవర్ కావాలి. భవనానికి బీమా చేయిస్తే లోపలి సామానుకు భవన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు తనంతట తానే వస్తుంది. విలాసవంతమైన ఇంట్లో 10 లక్షలంటే హాలు దాటదు. నగలు, చిత్రాలు, పురాతన వస్తువులు ఐచ్ఛిక కవర్ కిందికి వస్తాయి. మొత్తం 5 లక్షలు, లేదా ఒక్కో వస్తువు లక్ష దాటితే విలువ ధ్రువపత్రం చూపాలి.

ఇందులోనే ఎన్నారైలకు ఇంకో మాట. అగ్ని బీమా పాత ప్రామాణిక పాలసీలో భవనం 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే, కంపెనీ ముందుగా ఒప్పుకుంటే తప్ప బీమా ఆగిపోతుందనే షరతు ఉండేది. డాలస్‌లో ఉద్యోగం, గండిపేటలో తాళం వేసిన విల్లా ఉన్నవారికి ఇలాంటి షరతు చిన్న అక్షరాల్లో ఉండాల్సిన సంగతి కాదు. ‘ఏడాదిలో వరుసగా నెలకు మించి ఇల్లు ఖాళీగా ఉంటుందా?’ అన్న ప్రశ్న ధర చూపకముందే రావాలి. ఇలాంటి ‘కాదు’లు ఒక్క పేజీలో, కొనే బటన్‌కు పైన ఉంటే అమ్మకాలు తగ్గుతాయని మార్కెటింగ్ విభాగం దిగులు పడుతుంది. తగ్గేవి రేపు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లే అమ్మకాలే.

మూడోది, ఇచ్చిన వివరాలు ఎవరి కంట పడతాయన్నది. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు వచ్చాక కంపెనీ చేతిలో ఏముందో ఒకసారి చూడండి. ఇంటి చిరునామా, గదివారీ ఫోటోలు, నగల జాబితా విలువలతో సహా, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు. దొంగకు ఇంతకన్నా శ్రద్ధగా ఎవరూ నివేదిక తయారుచేసి ఇవ్వరు. కాబట్టి ధర అంచనాకు అవసరం లేనిది మొదటి పేజీలో అడగకూడదు. వస్తువుల జాబితాను, చిరునామాను వేర్వేరు చోట్ల దాచాలి, ఏజెంటు తెరపై రెండూ ఒకేసారి కనిపించకూడదు, ఎవరు ఎప్పుడు చూశారో నమోదు కావాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అది విల్లాల ధరల్లో లెక్కేసుకునే మొత్తమే.

అమ్మే తీరుకూ హద్దులున్నాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే కొనేవారిని మభ్యపెట్టే డిజైన్ ఎత్తులను, నిషేధించింది. వాటిలో వినియోగదారుణ్ణి సిగ్గుపరచడం ఒకటి. దానికి ఉదాహరణగా ఎంచుకున్నది విమాన టికెట్‌తో పాటు బీమా వద్దన్నవారి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించే బటన్‌ను. ఉదాహరణ కోసం బీమానే దొరకడం యాదృచ్ఛికమని ఆ రంగంలోనివారు అనుకోవచ్చు. అడగని కవర్లకు ముందే టిక్కు పెట్టడం, చివరి తెరలో ధర పెంచడం కూడా ఆ జాబితాలోనివే.

రూపం గురించి ఒక్క మాట. సన్నని బూడిదరంగు అక్షరాలు హుందాగా కనిపిస్తాయి, చదవబోతే కనిపించవు. అక్షరానికీ వెనకాల రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఇంత ఇల్లు కట్టుకునే వయసుకు చాలామందికి చదవడానికి కళ్లజోడు వచ్చి ఉంటుంది.

మిగిలింది క్లెయిమ్ పేజీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ రోజుల తరబడి మూగబోయాయి. అలాంటి రోజున తెరుచుకోవాల్సిన పేజీలో వీడియోలు ఉండకూడదు. పైన ఫోన్ నంబరు ఉండాలి. పాలసీ నంబరు గుర్తులేకపోయినా పేరు, మొబైల్‌తో పని జరగాలి. సిగ్నల్ పోతే అప్పటిదాకా నింపింది పోకూడదు. కొడుకు అమెరికా నుంచి తండ్రి తరఫున నష్టం తెలియజేసే వీలుండాలి, ఓటీపీ మునిగిన ఇంట్లోని ఫోన్‌కే వెళ్లకూడదు.

ఇవన్నీ కంపెనీలో ముందే తెలిసినవాళ్లు ఉంటారు: క్లెయిమ్‌ల విభాగం ఉద్యోగులు, సర్వేయర్లు. అమ్మేటప్పుడు ఏ ప్రశ్న అడగనందుకు ఏ తగాదా వచ్చిందో వాళ్లు వరసగా చెప్పగలరు. డిజైన్ సమావేశాలకు లోగో రంగు మీద అభిప్రాయం ఉన్నవాళ్లందరినీ పిలుస్తారు. వీళ్లకు కబురు వెళ్లడం అరుదు. ముందు వీళ్లను కూర్చోబెట్టి, తరచూ వచ్చే పది తగాదాలను రాయించి, ఒక్కోదాన్ని ఫారంలో ఒక్కో ప్రశ్నగా మారిస్తే సైట్‌లో సగం పని అయిపోయినట్టే. దానికి అయ్యే ఖర్చు ఒక పూట, కొన్ని కప్పుల టీ.