అరగంట పరీక్ష
రెండు దేశాల కాలం చూపే చేతి గడియారానికి విలువ కట్టడం ఎలా?

వరంగల్లులో ఉదయం 6 గంటలైంది అనుకుందాం. సరిగ్గా అదే క్షణంలో దుబాయిలో తెల్లవారుజామున 4 గంటల 30 నిమిషాలు. సింగపూరులో ఉదయం 8 గంటల 30 నిమిషాలు. చలికాలమైతే లండనులో అర్ధరాత్రి దాటి 30 నిమిషాలు. అమెరికాలోని డల్లాస్ నగరంలో ఇంకా నిన్నటి సాయంత్రం 6 గంటల 30 నిమిషాలే!

ఈ కాలాలను మరోసారి చదవండి. వాటిలో ఒక పోలిక కనిపిస్తోందా? గంటలు వేరైనా, చివర 30 నిమిషాలు మాత్రం అన్నిటిలోనూ ఉన్నాయి. వేసవిలో లండను, డల్లాస్ వాసులు తమ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకొంటారు. అప్పుడు కూడా ఈ 30 పోదు. ఈ అరగంటను గుర్తుంచుకోండి. దానితో మనకు పని ఉంది.

మా పాఠశాలలో 9వ తరగతి చదివే ఒక అమ్మాయి ఈమధ్య ఒక ప్రశ్న తెచ్చింది. ఆమె అన్న దుబాయిలో పని చేస్తున్నాడు. అక్కడి వేళ తెలియక ఇంట్లోవాళ్లు ఒకటి రెండుసార్లు అతన్ని నిద్రలోంచి లేపారట. అందుకని తండ్రి ఒకేసారి రెండు దేశాల కాలం చూపే చేతి గడియారం కొనాలనుకున్నాడు. దుకాణంలో ఒకటి చూశాడు. అది కొత్తదే కాని, చూడటానికి అరవై ఏళ్లనాటి దానిలా ఉంది. ధర బాగా ఎక్కువ. "సార్, మా బాపు పత్తి అమ్మిన డబ్బుతో దాన్ని కొందామంటున్నాడు. అది అంత ధర చేస్తుందా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. దీనికి జవాబు దుకాణదారు మాటల్లో దొరకదు. ప్రయోగశాలలో ఒక వస్తువును పరీక్షించినట్టే గడియారాన్నీ పరీక్షించి తెలుసుకోవాలి. రండి, వరుసగా చూద్దాం.

ఈ అరగంట ఎక్కడిది?

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఇంగ్లండులోని గ్రీనిచ్ గుండా పోయే రేఖాంశాన్ని సున్నాగా తీసుకొని ప్రపంచమంతా కాలాన్ని లెక్కిస్తుంది. చాలా దేశాలు గ్రీనిచ్ కాలానికి పూర్తి గంటలు కలుపుకొనో, తీసివేసుకొనో తమ కాలాన్ని పెట్టుకున్నాయి. మనం మాత్రం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఎంచుకున్నాం. 82½ ను 4 తో గుణించండి. 330 నిమిషాలు, అంటే 5½ గంటలు. అదే భారత ప్రామాణిక కాలం. ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా, తెలుగు నేల మీద కాకినాడ సమీపంగా పోతుంది. 1906 జనవరి 1 నుంచి ఈ కాలం అమలులోకి వచ్చింది. అంతకుముందు మన రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. అది గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందుండేది.

ఇక్కడొక తమాషా ఉంది. వరంగల్లు దాదాపు 79.6 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. 82.5 నుంచి 79.6 తీసివేస్తే 2.9. దాన్ని 4 తో గుణిస్తే సుమారు 12 నిమిషాలు. అంటే మన చేతి గడియారం చూపేది మన ఊరి సూర్యుడి కాలం కాదు, కాకినాడ దిక్కు కాలం! ఒక ఊళ్లో ఉండి మరో ఊరి కాలం చూడటం మనకు కొత్తేమీ కాదన్నమాట.

నాలుగో ముల్లు

1950 దశకంలో విమానాలు ఖండాలు దాటి ఎగరడం పెరిగింది. పైలట్లకు ఇంటి కాలమూ కావాలి, గ్రీనిచ్ కాలమూ కావాలి. వారి అవసరం కోసం స్విట్జర్లాండ్ కంపెనీలు కొత్తరకం గడియారాలు చేశాయి. అమెరికా విమాన సంస్థ పాన్ అమెరికన్ పైలట్ల కోసం రోలెక్స్ చేసిన గడియారం వీటిలో ప్రసిద్ధమైనది. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే 'పాతకాలపు' రెండు కాలాల గడియారాల్లో చాలావాటికి ఆ రూపమే నమూనా.

ఈ గడియారంలో గంటల, నిమిషాల, సెకన్ల ముళ్లతో పాటు నాలుగో ముల్లు ఒకటి ఉంటుంది. గంటల ముల్లు 12 గంటల్లో ఒక చుట్టు తిరిగితే, ఇది 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. అందుకు పళ్లచక్రాల నిష్పత్తిని రెట్టింపు చేస్తే చాలు. ఈ ముల్లు గంటకు 15 డిగ్రీలు కదులుతుంది. భూమి తిరిగే వేగమూ అంతే కదా! దీన్ని అద్దం చుట్టూ ఉండే 24 అంకెల అంచు మీద చదవాలి. కాజీపేట స్టేషనులో రైళ్ల పట్టిక చూసినవారికి 16 గంటలు, 22 గంటలు అని చదవడం అలవాటే. పగలో రాత్రో అన్న అనుమానం ఉండదు.

అసలు పరీక్ష

ఇప్పుడు అరగంట దగ్గరికి వద్దాం. ఈ గడియారంలో గంటల ముళ్లు రెండున్నా, నిమిషాల ముల్లు ఒక్కటే. ఇక్కడ 6 గంటలైనప్పుడు నిమిషాల ముల్లు 12 మీద ఉంటుంది. దుబాయిలో అప్పుడు 4½. కనుక నాలుగో ముల్లు 4 కూ 5 కూ నడుమ నిలవాలి. కాని చాలా గడియారాల్లో కీ తిప్పినప్పుడు ఆ ముల్లు గంటకు గంట చొప్పున గెంతుతుంది. 4 మీద నిలుస్తుంది, లేదా 5 మీద నిలుస్తుంది. నడుమ మాత్రం నిలవదు!

లండను నుంచి న్యూయార్కు చూసుకొనేవారికి ఈ చిక్కు లేదు. వాటి నడుమ తేడా పూర్తి గంటలే. చిక్కంతా మనకే.

దీనికి ఒక ఉపాయం ఉంది. కొన్నిటిలో 24 అంకెల అంచు వేళ్లతో తిప్పితే తిరుగుతుంది. ముల్లును 5 మీద ఉంచి, అంచును కుడివైపుకు అరగంట మేర, అంటే 7½ డిగ్రీలు తిప్పితే ముల్లు 4½ చూపుతుంది. కాని అంచు ఆ చోట నిలవాలి కదా? అంచు తిరిగేటప్పుడు 'టిక్ టిక్' మని ఆగుతూ పోతుంది. ఒక చుట్టుకు ఎన్ని టిక్కులో లెక్కపెట్టండి. ఒక చుట్టంటే 24 గంటలు, అనగా 1440 నిమిషాలు. 24 టిక్కులుంటే ఒక్కొక్కటి 60 నిమిషాలు, పనికిరాదు. 48 ఉంటే 30 నిమిషాలు, సరిపోయింది. 120 ఉంటే 12 నిమిషాలు. 30 ని 12 తో భాగిస్తే 2½, అర టిక్కు ఉండదు కనుక అదీ పనికిరాదు! టిక్కులు ఎక్కువైతే మంచిదనుకొంటాం. ఇక్కడ 120 ఓడి 48 గెలిచింది.

కొన్ని చౌక గడియారాల్లో రెండు చిన్న డయళ్లు, వాటికి రెండు వేర్వేరు యంత్రాలు ఉంటాయి. దేనికి దానికే నిమిషాల ముల్లు ఉంటుంది. ఇవి అరగంట పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. మా విద్యార్థిని తండ్రి చూసిన గడియారానికి అంచు తిరగదు. కనుక ఖరీదైన ఆ గడియారం దుబాయి కాలం విషయంలో ఎప్పుడూ అరగంట తప్పే చూపుతుంది.

ఖర్చు లేని ఉపాయాలు

దుబాయికి గంటన్నర తీసివేయండి. డల్లాస్‌కు చలికాలంలో అరగంట కలిపి, పగలును రాత్రిగా మార్చండి. చలికాలంలో లండను కాలం కావాలంటే మీ గడియారాన్ని తలకిందులుగా పట్టుకోండి! ఇక్కడ మధ్యాహ్నం 2 గంటలైతే, తలకిందులు చేసినప్పుడు చిన్న ముల్లు 8 స్థానంలో, పెద్ద ముల్లు 6 స్థానంలో కనిపిస్తాయి. లండనులో ఉదయం 8½. గడియారాన్ని సగం చుట్టు తిప్పితే చిన్న ముల్లు 6 గంటలు, పెద్ద ముల్లు 30 నిమిషాలు మారతాయి. మనకు కావలసిన తేడా 5½ గంటలు. అందుకే చిన్న ముల్లు అరగంట వెనుకబడినట్టు కనిపిస్తుంది. అది గుర్తుంచుకొని చదివితే చాలు.

నోటిలెక్కతో ఇంత పని జరుగుతుంటే, నాలుగో ముల్లు కోసం ఎంత అదనంగా ఇవ్వవచ్చో మీరే ఆలోచించండి.

కొత్త గడియారం, పాత వేషం

పాతది వేరు, పాతదానిలా కనిపించేది వేరు. పూర్వం చీకటిలో వెలగడానికి డయలు మీద రేడియం కలిపిన రంగు పూసేవారు. 1920 దశకంలో అమెరికాలో ఆ రంగు పూసే పనిలో కుంచెను పెదవులతో మొన చేసుకొన్న ఎందరో యువతులు రోగాల పాలై మరణించారు. తరువాత ట్రిటియం వచ్చింది. దాని అర్ధాయువు 12.3 సంవత్సరాలు. అంటే ప్రతి 12.3 ఏళ్లకు సగం మిగులుతుంది. 60 ఏళ్లలో ఇలా దాదాపు 5 సార్లు సగమై 32 లో 1 వంతే మిగులుతుంది. ఆ పాత రంగు పసుపు పచ్చగా మారి, వెలుగు కోల్పోతుంది.

ఇప్పటి గడియారాల్లో స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం వాడుతున్నారు. ఇది రేడియో ధార్మికం కాదు. దీపపు వెలుగును పీల్చుకొని, చీకటిలో నెమ్మదిగా విడిచిపెడుతుంది. పాతదిలా కనిపించడానికి దానికే మీగడ రంగు వేస్తారు. గడియారాల్లో ఈ పదార్థం 1990 దశకంలో వచ్చింది. కనుక ఎవరైనా '1965 నాటి అసలు డయలు' అని చూపినది దీపం ఆర్పాక గంటల తరబడి ప్రకాశిస్తే, ఆ రంగు తరువాత వేసిందని పట్టేయవచ్చు. ఒక హెచ్చరిక: నిజంగా పాతదైన గడియారాన్ని మీరు విప్పకండి. వెలుగు పోయినా రేడియం పోదు. దాని అర్ధాయువు 1600 ఏళ్లు. బండ్లకు అంటించే 'రేడియం స్టిక్కర్ల'లో మాత్రం రేడియం ఉండదు, పేరే మిగిలింది.

మన ఇళ్లలో నిజమైన పాత గడియారాలు ఉన్నాయి. జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో హెచ్.ఎం.టి. 1961 లో బెంగుళూరులో గడియారాల కర్మాగారం నెలకొల్పింది. దాని 'జనతా' ఎందరో తాతల చేతుల మీద నడిచింది. 2016 లో హెచ్.ఎం.టి. గడియారాల సంస్థ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తాత పెట్టుకొన్న జనతాకు జ్ఞాపకం వల్ల వచ్చిన విలువ ఉంది. నిన్న తయారై పాత వేషం వేసిన గడియారానికి ఆ విలువ ఉండదు. దాని రూపానికి డబ్బు ఇస్తున్నామని తెలిసే ఇవ్వాలి.

లోపల ఏముంది?

జనతా గడియారపు చక్రం సెకనుకు 5 సార్లు కొట్టుకొంటుంది. ఇప్పటి స్ప్రింగు గడియారాల్లో చాలావాటిది సెకనుకు 8. క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. 32,768 ని వరుసగా 15 సార్లు సగం చేయండి, 1 వస్తుంది. ఆ లెక్క కోసమే ఆ సంఖ్యను ఎంచుకొన్నారు. మామూలు క్వార్ట్జ్ గడియారం నెలకు 15, 20 సెకన్లు తప్పితే, మంచి స్ప్రింగు గడియారం రోజుకే కొన్ని సెకన్లు తప్పుతుంది. స్ప్రింగు గడియారానికి ఎక్కువ ధర ఇచ్చేది దాని పనితనానికి, ఖచ్చితత్వానికి కాదు.

అద్దం కూడా చూడాలి. కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో మన వీధిదుమ్ములోని ఇసుకది 7. కృత్రిమ నీలమణి అద్దానిది 9, ఇసుక దాన్ని గీయలేదు. మామూలు గాజు, ప్లాస్టిక్ అద్దాలు 7 కంటే తక్కువ కనుక గీతలు పడతాయి. అయితే ప్లాస్టిక్ గీతలను రుద్ది పోగొట్టవచ్చు. నీలమణి గట్టిదే కాని దెబ్బకు పగలవచ్చు.

లెక్క కట్టండి

ముందు అరగంట పరీక్ష. అందులో ఓడితే మీ అవసరానికి అది పనికిరాదు. నెగ్గితే, అదే యంత్రం ఉండి ఒకే కాలం చూపే గడియారం ధర కనుక్కోండి. రెండు ధరల తేడాయే నాలుగో ముల్లుకూ, పాత వేషానికీ మీరు ఇస్తున్న సొమ్ము.

తరువాత ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. ఉదాహరణకు 2,000 రూపాయల గడియారం 5 ఏళ్లు నడిచి, సెల్లుకు మొత్తం 400 ఖర్చయితే, ఏడాదికి 480 రూపాయలు. 30,000 రూపాయల గడియారం 20 ఏళ్లు నడిచి, మరమ్మతుకు మొత్తం 12,000 అయితే, ఏడాదికి 2,100. ఇవి లెక్క చూపడానికి తీసుకొన్న సంఖ్యలు మాత్రమే. మీ ఊళ్లో గడియారాలు బాగుచేసేవారిని అడిగి అసలు సంఖ్యలు వేసుకోండి. ఆ యంత్రానికి విడిభాగాలు దొరుకుతాయా అని కూడా అడగండి. దొరకకపోతే 20 ఏళ్ల మాట మరిచిపోవాలి.

మీరు చేయండి

1. ఇంట్లో ఉన్న ముళ్ల గడియారాన్ని సెల్‌ఫోను కాలంతో సరిచేసి, 10 రోజులు రోజూ ఒకే వేళకు తేడాను సెకన్లలో రాయండి. సగటు కట్టండి.

2. 60, 72, 96 టిక్కులున్న అంచుల్లో అరగంట పరీక్షలో నెగ్గేది ఏది?

3. నేపాల్ కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 45 నిమిషాలు ముందు. కాఠ్మాండూలో ఉండి లండను కాలం చూసేవారికి ఎన్ని టిక్కుల అంచు కావాలి?